ట్రాన్స్‌ఫార్మర్‌కు పెట్టిన మీటరు

ఇంటింటికీ తిరిగి కరెంటు బిల్లు కొట్టే పనిలో నేను ఐదేళ్లున్నాను. రెండువేల తొమ్మిదిలో చేరి, తెలంగాణ వచ్చిన ఏడాది మానేశాను. ఆ ఐదేళ్లలో నన్ను చూసి సంతోషించిన మనిషి ఒక్కరు కూడా లేరు. నేను వాడకట్టులోకి వస్తున్నానంటే తలుపులు మూసుకునేవి. తలుపు తీసి ఉన్న ఇంట్లో ఆడవాళ్లు తిరుగుతున్న ఫ్యాన్ కింద కూర్చుని, "మా ఇంట్ల ఫ్యానే తిరగది, గింత బిల్లెట్లొస్తది?" అని అడిగేవారు. నేను ఫ్యాన్ వంక చూసేవాణ్ణి, వాళ్లూ చూసేవారు. తర్వాత మిషన్‌లోంచి కాగితం చింపి చేతిలో పెట్టి పక్కింటికి పోయేవాణ్ణి.

కాంట్రాక్టరు కామారెడ్డిలో ఉండేవాడు కాబట్టి నేనూ అక్కడే రైల్వేస్టేషన్ వెనక ఒక గది తీసుకున్నాను. పొద్దున్నే బండి మీద లింగంపేట వైపు పోయి, ఒక్కోసారి ఎల్లారెడ్డి దాకా తిరిగి, సాయంత్రానికి మిషన్ అప్పజెప్పాలి. నాతోపాటు చేరిన వాళ్లలో కొందరు తాళం వేసిన ఇల్లు కనిపిస్తే పోయిన నెల అంకె చూసి, దానికి తోచినంత కలిపి రాసేసేవారు. ఒకాయన ఊళ్లోకి పోకుండా హోటల్లో కూర్చునే ఊరంతా రాసేవాడు. నేను మాత్రం కంటితో చూడని అంకె ఎప్పుడూ రాయలేదు. తాళం ఉంటే మర్నాడు మళ్లీ పోయేవాణ్ణి. ఇది గొప్ప అని నాకు తప్ప ఇంకెవరికీ అనిపించలేదు. మా అవ్వ, కన్నతల్లే, దీన్ని మొండితనం అనేది.

మా ఊరు లింగంపేట దగ్గరే. మా బాపుకు, అంటే నాన్నకు, ఎకరంన్నర పొలం, ఒక బోరు, ఒక మోటరు. మా పొలాల దగ్గరి ట్రాన్స్‌ఫార్మర్ మీద మొత్తం పదకొండు మోటార్లుండేవి. అది ఏడెనిమిదింటికి సరిపోయేది. మిగతావి మొహమాటానికి మోస్తుండేది. వరుసలో మొదటిది మా చిన్నాయనది, ట్రాన్స్‌ఫార్మర్ కిందనే. చివరిది బాపుది. చివరిది అంటే, తీగల వెంబడి కరెంటు పది పొలాలు దాటుకుంటూ వచ్చి, అందరూ తిన్నాక మిగిలినంత బాపు స్టార్టర్ డబ్బాలో పడేది.

సేద్యానికి కరెంటు ఉచితం. రోజుకు ఏడు గంటలని పేరు. పొద్దున కొంత, తర్వాత కొంత, ఎప్పుడొస్తుందో తెలియదు. అందుకని అందరూ ఆటో స్టార్టర్లు పెట్టుకున్నారు. కరెంటు రాగానే మనిషి లేకపోయినా మోటరు దానంతటదే లేస్తుంది. పదకొండూ ఒక్కసారి లేచేవి. చిన్నాయన బోరు దబదబా పోసేది. బాపు మోటరు మూలుగుతూ మూలుగుతూ కాసేపు తిరిగి, వేడెక్కి, కాలిపోయేది. అలా ఒక్కో యాసంగికి, అంటే ఎండాకాలం పంటకు, రెండుసార్లు కాలేది. బోరులోంచి మోటరును బయటికి లాగి, ఎల్లారెడ్డి తీసుకుపోయి, తీగ చుట్టించి, మళ్లీ దించేసరికి వారం. యాసంగి వరి ఈని కంకి వేసే ముందు వారం నీళ్లు లేకపోతే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. రెండేళ్లు వరసగా బాపు ఎకరంన్నరలో అరెకరం కోశాడు. మిగతాది బర్రెలు మేశాయి.

బాపు ఏటా ఒకే మాట అడిగేవాడు. "వంతులు పెట్టుకుందాం. మూడు నాలుగు మోటార్లు ఒక్కపారి, గవి బందయినంక ఇంకో నాలుగు. అందరికీ నీళ్లందుతయి, మోటార్లు కాలవు." మా తాత చెరువు కింద నీరటి. ఎవరి మడికి ఎంతసేపు నీళ్లు విడవాలో చూసే పని ఆయనది. కాబట్టి వంతు అనే మాట మా ఇంట్లో దేవుడి పేరులాంటిది. చిన్నాయన ఏటా ఒకే జవాబు చెప్పేవాడు. "ఫుకట్‌కొచ్చే కరెంటుకు వంతులేంది అన్నా?" అందరూ నవ్వేవారు. చిన్నాయన మోటరు ఎప్పుడూ కాలలేదు.

నా మిషన్‌కు పొలాలతో పని ఉండేది కాదు. ఉచితం కాబట్టి మోటార్లకు మీటర్లు లేవు, మీటర్లు లేవు కాబట్టి బిల్లు లేదు, బిల్లు లేదు కాబట్టి నేను లేను. ఊరి చివరి ఇంటితో నా రాజ్యం సరి. అక్కడి నుంచి అవతలికి నేను కొడుకుగా మాత్రమే పోయేవాణ్ణి.

రెండువేల పదకొండులో, యాసంగి నార్లు పోసే రోజుల్లో, లైన్‌మన్ ఒకాయన వచ్చి మా ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మెకు ఒక ఇనుప డబ్బా బిగించి, అందులో మీటరు పెట్టి, సీలు వేసి పోయాడు. ఎందుకని అడిగితే తనకు తెలియదన్నాడు, పెట్టమన్నారు పెట్టానన్నాడు. నెల తిరిగాక దాన్ని చదివే పని నాకు తగిలించారు. అది నిజానికి లైన్‌మన్ల పనే. వాళ్లకు తీరిక లేదని, నువ్వెలాగూ ఆ ఊరికి పోతున్నావు కదా అని అన్నారు. దానికి విడిగా ఏమీ ఇవ్వలేదు.

మొదటి నెల రీడింగుకు నేను పోయేసరికి ట్రాన్స్‌ఫార్మర్ చుట్టూ పది మందున్నారు. డబ్బాకు ముందువైపు అరచేయంత అద్దం ఉంది. అప్పటికే దుమ్ము పట్టింది. చేతిరుమాలుతో తుడిచి, అంకె చూసి, అలవాటు కొద్దీ పైకి చదువుతూ కాగితం మీద రాశాను. నేను చేసిన తప్పు ఏదైనా ఉంటే అది పైకి చదవడం. వాళ్లకు తెలిసిన మీటరు ఇంట్లోది. నెలకు అరవై, డెబ్బై తిరుగుతుంది. ఎండాకాలం వంద దాటితే అత్తాకోడళ్లు కొట్లాడుకుంటారు. ఇక్కడ నేను వేలల్లో చదివాను. పదకొండు మోటార్లు నెల రోజులు లాగింది వేలల్లో కాక ఎంతలో ఉంటుంది? కానీ ఆ మాట అనేలోపే చిన్నాయన మొహం తెల్లబోయింది.

"గిదేందిరా, గిన్ని యూనిట్లా? బిల్లెంతయితది?" అన్నాడు.

"బిల్లు రాదు చిన్నాయనా. ఇది బిల్లు మీటరు కాదు."

"బిల్లు లేనిదానికి మీటరెందుకు?"

నేను మంచి ప్రశ్న అనుకున్నాను. ఆఫీసులో అడిగి తెలుసుకున్నది నిదానంగా చెప్పాను. రైతు కట్టడు కాబట్టి రైతు వాడుకున్న కరెంటుకు సర్కారు కడుతుంది. ఎంత కట్టాలో తెలియాలంటే ఎంత కాలిందో తెలియాలి. ప్రతి మోటరుకూ మీటరు పెట్టలేరు. అందుకని అక్కడొకటి ఇక్కడొకటి ట్రాన్స్‌ఫార్మర్‌కు పెట్టి, దాన్నిబట్టి మొత్తం అంచనా కడతారు. వాళ్లకు అర్థం కావాలని, "మార్కెట్ల ఆడ్తిదారు బస్తకు బొక్క పొడిచి, గుప్పెడు వడ్లు తీసి చూస్తడు సూడు, గట్ల" అన్నాను.

అక్కడున్న వాళ్లలో ఒకాయన గంభీరంగా తల ఊపాడు. "చూస్తడు. చూసి ధర తగ్గిస్తడు."

నేను చెప్పిన పోలికలో తప్పు లేదు. తప్పు చోట చెప్పాను.

చిన్నాయన ఇంకా వదల్లేదు. "సరే. సర్కారు కడుతది అన్నవు. ఎవలకు కడుతది?"

"కరెంటు కంపెనీకి."

"కంపెనీ ఎవలది?"

"సర్కారుదే."

చిన్నాయన అందరి మొహాలూ ఒక్కొక్కటిగా చూశాడు. "సర్కారు తన ఈ జేబులకెళ్లి తీసి ఆ జేబుల పెట్టుకుంటదట. దానికి మన పొలంల మీటరు కావాల్నట. ఇన్నరా?" విన్నారు. నవ్వారు కూడా. కానీ ఆ నవ్వులో ఏటా బాపును చూసి నవ్వే నవ్వు లేదు. ఇయ్యాళ మీటరు పెట్టినోడు రేపు బిల్లు పంపడా అని ఒకరన్నారు. ఇప్పటి సందే లెక్క రాసిపెట్టుకొని అంతా ఒక్కపారి గుంజుతరు అని ఇంకొకరన్నారు. నేను ప్రమాణం చేసి చెప్పబోయాను.

అప్పుడు గట్టు మీద కూర్చుని ఉన్న బాపు లేచాడు. నా తరఫున మాట్లాడతాడనుకున్నాను. "వాడు నా కొడుకే" అన్నాడు బాపు. "నేను కాదంట లేను. కానీ జీతమిచ్చేటోడు ఏం చెప్పుమంటే గదే చెప్తడు గద. వాని మాట పట్టుకొని మనం మునుగుదమా?"

అంతమంది ముందు కన్నతండ్రి ఆ మాట అంటే ఎలా ఉంటుందో రాయడానికి నా దగ్గర మంచి మాటలు లేవు. చెంప మీద కొట్టినా బాగుండేది. నేను రుమాలు జేబులో పెట్టుకుని బండి దగ్గరికి నడిచాను. నా వెనక బాపు గొంతు వినిపిస్తూనే ఉంది. "బిల్లు ఎట్లయినా వస్తది అనుకుందం. వచ్చిన్నాడు తక్కువ రావాలె. ఆటోలు తీసేద్దం, వంతులు పెట్టుకుందం."

ఈసారి ఎవరూ నవ్వలేదు.

మర్నాటికి పదకొండు ఆటో స్టార్టర్లూ ఊడాయి. మోటార్లను మూడు వంతులుగా చేశారు. మొదటి వంతుకు నాలుగు, రెండో వంతుకు నాలుగు, చివరి వంతుకు మూడు. బాపు చివరిదాంట్లో. ఒక్కో వంతు గంటకు కొంచెం ఎక్కువ. రెండో రోజే గొడవ అయింది. ఒక్కొక్కరి సెల్‌ఫోన్‌లో ఒక్కో టైము ఉంది, ఎవరి ఫోను వాళ్లకే మేలు చేస్తోంది. ఫోన్ల మీద నమ్మకం పోయాక మా అవ్వను పిలిచారు.

అవ్వ బీడీలు చేసేది. ఒళ్లో చాట పెట్టుకుంటే మాటల్లో ఉన్నా చూపు ఇంకెక్కడో ఉన్నా చేతులు ఒకే వేగంతో నడిచేవి. ఇరవై ఐదు బీడీలు ఒక కట్ట. నాలుగు కట్టలయ్యేసరికి గంట దాటుతుంది. ఇందులో ఎక్కువ తక్కువలుండవని ఊరంతటికీ తెలుసు. కరెంటు వచ్చినప్పుడు అవ్వ చాట పట్టుకుని ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరి వేపచెట్టు నీడకు పోయి కూర్చునేది. నాలుగో కట్టకు దారం కట్టి, "అయింది" అనేది. అంతే. మొదటి వంతు మోటార్లు బంద్, రెండో వంతువి మొదలు. చిన్నాయన ఒకసారి, "వదినా, గీ కట్ట జర జల్ది అయినట్టున్నది" అన్నాడు. అవ్వ తలెత్తకుండా, "నువ్వు జేసి చూపెట్టు" అంది. ఆ తర్వాత ఎవరూ అడగలేదు.

నెలనెలా నేను పోతూనే ఉన్నాను. అద్దం తుడిచి, అంకె చూసి, రాసుకుని వచ్చేవాణ్ణి. పోయిన ప్రతిసారీ ఇది బిల్లు మీటరు కాదని చెప్పేవాణ్ణి. చెప్పిన కొద్దీ వాళ్ల అనుమానం గట్టిపడింది. ఇంత మొత్తుకుంటున్నాడంటే లోపల ఏదో ఉన్నట్టే కదా. అంతకుముందు చిన్నాయన ఇంటికి పోతే చిన్నమ్మ చాయ్ పెట్టేది. ఇప్పుడు మంచినీళ్లు ఇచ్చి లోపలికి పోయేది. దసరాకు జమ్మి ఆకు చేతిలో పెట్టి అలాయ్‌బలాయ్ తీసుకుంటూ ఒకాయన నా చెవిలో, "ఎప్పటిసంది వస్తదో జర ముందుగాల చెప్పు" అన్నాడు. మా ఊళ్లో నేను పుట్టాను, బడికి పోయాను, బావిలో ఈత నేర్చుకున్నాను. ఆ ఊళ్లో నేనిప్పుడు అబద్ధాలవాణ్ణి. ఇంట్లో నేను బాపుతో పెద్దగా మాట్లాడటం మానేశాను. ఆయనకు ఆ సంగతి తెలిసిందో లేదో నాకు తెలియలేదు. అన్నం తినేటప్పుడు మాత్రం, "ఈ నెల ఎంతొచ్చింది?" అని అడిగేవాడు. తగ్గింది అనేవాణ్ణి. "మంచిది" అనేవాడు.

అంకె నెలనెలకూ తగ్గిన మాట నిజం. ఇంకో సంగతి కూడా నిజం. ఆ యాసంగి ట్రాన్స్‌ఫార్మర్ కాలలేదు. బాపు మోటరు మూలగలేదు, చిన్నాయన మోటరులాగే దబదబా పోసింది. నీళ్లు చివరి మడి దాకా పారాయి. చాలా ఏళ్ల తర్వాత బాపు ఎకరంన్నరకు ఎకరంన్నరా కోశాడు. ఎల్లారెడ్డిలో మోటరు తీగలు చుట్టే ఆయన నేను బిల్లు కొట్టడానికి పోతే, "మీ బాపు పానం మంచిగున్నదా? రావట్లేదు" అని నిజంగా కంగారుగా అడిగాడు.

రెండో యాసంగికి కరెంటు కోతలు ఎక్కువయ్యాయి. ఏడు గంటలు పేరుకు కూడా లేకుండా పోయాయి. అవ్వ నాలుగు కట్టల వంతును మూడు కట్టలకు, కొన్ని రోజులు రెండు కట్టలకు దించింది. చుట్టుపక్కల ట్రాన్స్‌ఫార్మర్లు ఒక్కొక్కటే పొగలు కక్కి ట్రాక్టర్ల మీద రిపేరుకు పోతుంటే, మాది అలాగే నిలబడింది. అంతా బాగున్నట్టే ఉంది. అప్పుడు ఆఫీసు నుంచి నాకు పిలుపొచ్చింది.

అక్కడ కొత్తగా వచ్చిన ఇంజనీరు సారు ఒక కాగితం ముందర పెట్టుకుని ఉన్నాడు. సౌమ్యమైన మనిషి. కేక వేయలేదు. "ఈ ట్రాన్స్‌ఫార్మర్ రీడింగు మీరే తీస్తున్నారా?" అని అడిగాడు.

"నేనే సార్."

"మిగతా అన్నిచోట్లా వస్తున్నదాంట్లో ఇక్కడ సగం కూడా రావట్లేదు. మీరు అక్కడికి పోతున్నారా, గదిలో కూర్చుని రాస్తున్నారా?"

ఈ పనిలో చేరిన నాటి నుంచి చూడని అంకె రాయలేదని చెప్పాను కదా. ఊళ్లో అందరూ నేను ఆఫీసు కోసం అబద్ధం చెబుతున్నాననుకుంటున్నారు. ఆఫీసులో నేను ఊరి కోసం రాస్తున్నాననుకుంటున్నారు. ఒక మనిషి ఒకే అంకెకు రెండు వైపులా దొంగ కావడం అరుదు. నేను అయ్యాను. హోటల్లో కూర్చుని ఊరంతా రాసే ఆయన రీడింగుల మీద ఎప్పుడూ ఎవరికీ అనుమానం రాలేదు, అవి అన్నీ ఎంత ఉండాలో అంతే ఉండేవి.

"సార్, మీరే వచ్చి చూడండి" అన్నాను. చెబుతూనే రుమాలు తీసి కళ్లు తుడుచుకున్నాను. ఆయన దాన్ని గమనించి మర్యాదగా కాగితం వైపు చూశాడు.

ఆయన నిజంగానే వచ్చాడు. మధ్యాహ్నం, కరెంటు ఉన్న టైములో. మీటరును ఇంకో మీటరుతో పోల్చి చూశారు, బాగానే ఉంది. సారు పొలాల వైపు తిరిగి చేయి అడ్డం పెట్టుకుని చూశాడు. "నాలుగే నడుస్తున్నాయి. మిగతావి చెడిపోయినవా?" అని బాపును అడిగాడు.

"లేదు సార్. మంచిగనే ఉన్నయి. వాటి వంతు కాలే."

"వంతా? ఎవరు చెప్తారు?"

బాపు వేపచెట్టు వైపు చూపించాడు. సారు అవ్వను చూశాడు. ఒళ్లో చాటను, చాటలోని తునికాకును చూశాడు. అవ్వ ఆయన్ను చూడలేదు, మూడో కట్ట మధ్యలో ఉంది. సారు అక్కడే నిలబడి ఆ కట్ట పూర్తయ్యేదాకా చూశాడు. అవ్వ "అయింది" అంది. పొలాల్లో ఒక్కొక్కటిగా మోటార్ల చప్పుడు ఆగి, ఇంకో నాలుగు చప్పుళ్లు లేచాయి. సారు పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. ఆయన కళ్లలో గౌరవం కనిపించిందని ఇప్పటికీ నా నమ్మకం. నా ఉద్యోగం నిలబడింది.

మూడు వారాల తర్వాత కాగితం వచ్చింది. మా ట్రాన్స్‌ఫార్మర్ వాడకం మామూలు వాడకంలా లేదు కాబట్టి, దాన్నిబట్టి మిగతావాటిని అంచనా వేయడం కుదరదట. మీటరును అక్కడి నుంచి తీసి, ఎల్లారెడ్డి అవతల రైతులు మామూలుగా వాడుతున్న ఒక చోట పెట్టాలట. అందరూ ఇలా వాడితే బాగుండు అన్న మాట ఆ కాగితంలో ఎక్కడైనా ఉందేమోనని రెండుసార్లు చదివాను. లేదు.

లైన్‌మన్ అన్నతో పాటు నన్నూ పొమ్మన్నారు. చివరి రీడింగు నేనే రాయాలి. మేము పోయేసరికి మిట్టమధ్యాహ్నం, కరెంటు లేని టైము. పొలాల దగ్గర ఎవరూ లేరు, అన్నాలకు పోయారు. బాపు ఒక్కడే ఉన్నాడు. వరి పొట్ట మీద ఉంది, ఇంకో వారం పదిరోజుల్లో ఈనుతుంది. మడిలో మోకాలి కిందికి నీళ్లున్నాయి. నాకు సంతోషంగా ఉంది. ఏడాదిన్నరగా నేను చెబుతున్నది నిజమని ఈ రోజు ఊరంతటికీ తెలుస్తుంది. బిల్లు మీటరైతే ఎందుకు తీసుకుపోతారు? చిన్నాయన దగ్గరికి నేనే పోయి చెప్పాలని బండి మీద వస్తూ మాటలు కూడా కూర్చుకున్నాను.

బాపుకు చెప్పాను. "మీటరు తీసేస్తున్నరు బాపు. బిల్లు రాదని చెప్పిన గదా. ఇప్పుడన్న నమ్ముతవా?"

బాపు నావైపు చూడలేదు. లైన్‌మన్ అన్న వైపు చూశాడు. "తమ్మీ, లోపటి మీటరు తీస్కపో. డబ్బ ఉండనియ్యరాదు?"

లైన్‌మన్ అన్న డబ్బా బోల్టులను ఒకసారి కదిపి చూశాడు. గట్టిగా పట్టుకుపోయాయి. ఎండ మండుతోంది. "అక్కడ కొత్త డబ్బ పెట్టిన్రు. ఇది పాతదే" అని తనకు తానే చెప్పుకుని, సీలు తీసి, తీగలు మార్చి, మీటరు మాత్రం ఊడదీసి ఎరువు సంచిలో వేసుకున్నాడు. తలుపు మూశాడు. మంచినీళ్ల కోసం మా ఇంటి వైపు పోయాడు.

మేమిద్దరం మిగిలాం. "ఖాళీ డబ్బ ఎందుకు బాపు?" అన్నాను.

"ఇది పోయిందని తెలిస్తే పొద్దూకేవరకు ఆటోలు పెడ్తరు. పదకొండూ ఒక్కపారి లేస్తయి. నాది కాలుతది." పొలం వైపు చూపించాడు. "పొట్ట మీదున్నది బిడ్డా. వారమాగితే ఈనుతది."

నాకు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. "అంటే... ఇది బిల్లు మీటరు కాదని నీకు తెలుసా?"

"నువ్వు చెప్పినవ్ గదరా."

"మరి నమ్మలేదు గదా?"

"ఎవడన్నడు? మొదటి దినమే నమ్మిన." బాపు తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. "నువ్వు అబద్ధం ఆడవని నాకు తెల్వదా? ఈ ఊర్ల నీ మాట నమ్మినోణ్ణి నేనొక్కణ్ణే. నమ్మినట్టు చెప్తే వంతులు పెట్టుకుంటరా? పదేండ్లు బతిమిలాడిన, ఎవడిన్నడు?"

నాకు కోపం వచ్చింది. మామూలు కోపం కాదు. ఏడాదిన్నర పాటు నేను తాగని చాయ్‌లన్నీ, దసరా రోజు చెవిలో విన్న మాట, గది గోడల వైపు చూస్తూ పడుకున్న సాయంత్రాలు అన్నీ ఒక్కసారి మీదికొచ్చాయి. "నలుగుర్ల నన్ను అబద్ధాలోణ్ణి చేసినవ్" అన్నాను. గొంతు పెద్దదైంది. "నీ నీళ్ల కోసం నా మొఖం మీద ఉమ్మించినవ్."

"అవును" అన్నాడు బాపు. "నీకు జీతమొస్తది. మడికి నీళ్లు రాకుంటే మాకేమొస్తదిరా?" తువ్వాల మళ్లీ భుజాన వేసుకుని, "గా దినం నువ్వు రుమాలు జేబుల పెట్టుకొని పోతుంటే, నా పానం నా తాన లేదు" అన్నాడు. అంతకంటే పెద్ద మాట మా బాపు నాతో అంతకుముందూ అనలేదు, తర్వాతా అనలేదు.

కోపం పోలేదు. దానితో పాటు ఇంకొకటి కూడా వచ్చింది, చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది. సంతోషం. నన్ను ఒక్కడు నమ్మాడు. మొదటి రోజు నుంచీ నమ్మాడు. ఆ ఒక్కడూ మా బాపు.

ఆ నెల తిరిగేసరికి అందరి పొలాలూ ఈనాయి. నా రీడింగు రోజు వచ్చింది. నాకు అక్కడ పని లేదు. మిషన్‌లో ఆ ట్రాన్స్‌ఫార్మర్ నంబరు కూడా తీసేశారు. ఇళ్ల బిల్లులు కొట్టడం అయిపోయాక, బండి పొలాల వైపు తిప్పాను. కరెంటు ఉంది. అవ్వ వేపచెట్టు కింద ఉంది. నేను డబ్బా ముందు నిలబడి, జేబులోంచి కాగితం, పెన్ను తీశాను. అద్దం దుమ్ముతో మసకబారి ఉంది. తుడవలేదు. ఆ దుమ్ములోకి కాసేపు తేరిపార చూసి కాగితం మీద పెన్ను పెట్టాను. చూడని అంకె రాయడం ఇంకా చేతకాలేదు. అందుకని, బాపు మడిలో నీళ్లు ఎంత ఎత్తున కనబడుతున్నాయో అది రాశాను.

చిన్నాయన స్టార్టర్ దగ్గర్నుంచి నడిచి వచ్చాడు. "ఎంతొచ్చిందిరా?"

"తగ్గింది చిన్నాయనా. పోయిన నెల కంటె తగ్గింది."

ఆయన నా మొహంలోకి చూశాడు. ఏడాదిన్నరగా నేను ప్రతి నెలా నిజం చెబితే ఒక్కసారి కూడా ఆ మొహంలో కనిపించని నమ్మకం ఇప్పుడు కనిపించింది. "మంచిది బిడ్డా" అని భుజం తట్టి, ఇంటి వైపు తిరిగి, "ఏమే, వాడొచ్చిండు, చాయ్ పెట్టు" అని కేక వేశాడు. పొలాల మధ్య నుంచి ఆ కేక ఇంటికి వినిపించదు. అయినా వేశాడు.

చాయ్ తాగడానికి పోతూ వెనక్కి చూశాను. బాపు చివరి గట్టు మీద స్టార్టర్ డబ్బా పక్కన నిలబడి ఉన్నాడు. అవ్వ రెండో కట్టకు దారం కడుతోంది. ఇంకొక్క కట్ట అయితే బాపు వంతు. నేను చిన్నాయనను కాస్త ఆగమని, మోటరు చప్పుడు వినిపించేదాకా అక్కడే నిలబడ్డాను.